కొబ్బరి చల్లకముందు

సాల్ట్ రివర్, కేప్‌టౌన్
1962 ఆగస్టు 14, మంగళవారం

ప్రియమైన చెల్లెలు సోఫీకి,

అక్క లేయా ఆశీస్సులు. దేవుడి దయవల్ల మేమంతా కులాసా. పార్ల్‌లో నువ్వూ, మా మరిదిగారు హెండ్రిక్, చిన్నారి ఎల్సాబే కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. మీ బావ ఫ్యాక్టరీ నుంచి రోజూ తడిసి ముద్దై వస్తున్నాడు, దగ్గు పట్టుకుంది. కుశల ప్రశ్నలు ఇంతటితో చాలు. ఇంక నిన్ను తిట్టాలి.

నీకు బుద్ధుందా?

నీ పోయిన ఉత్తరం చదువుతూనే తల కొట్టుకున్నాను. హెండ్రిక్ ఊళ్ళో లేడని, నోరు ఊరుకోక మన మసాలా పాకం ఉండలు, కూసిస్టర్లు, వేసుకున్నావట. మూకుడు కడిగి బోర్లించి, పళ్ళెంలో సర్దుకుంటుంటే మీ అత్తగారు వెనక తలుపు తోసుకుని వచ్చిందట. ఒకటి తిని, ఎక్కడివని అడిగిందట. అబద్ధమాడేదానివి పూర్తిగా అబద్ధమే ఆడాలి గాని, సాల్ట్ రివర్ స్టేషన్ వెనక సందులో లేయా అనే ఆమె అమ్ముతుంది, అక్కడ కొన్నాను అని నా పేరూ వీధీ చెప్పి వస్తావా? ఆవిడ మారుమాట లేకుండా రెండు గుడ్డలో చుట్టుకుని పోయిందని రాశావు. అంతటితో ఐపోయిందనుకున్నావు. మొన్న ఆదివారం ఆవిడ మా గుమ్మంలో నిలబడింది.

ఎలా వచ్చిందో చెప్తాను, విను. ఆదివారం పొద్దున్న మా ఇంటి సంగతి నీకు తెలిసిందే. శనివారం వేయించి పెట్టినవి అప్పుడే పాకంలో వేస్తున్నాను. వీధి వీధంతా ఎవరి గిన్నెలు వాళ్ళు పట్టుకుని వరసలో ఉన్నారు. వాన కదా, సగంమంది మన ముందు గదిలోకే వచ్చేశారు. బయట కారు ఆగింది. మన వీధిలో కారు ఆగితే జనం నోళ్ళు మూతపడతాయి. నల్ల టోపీ, చేతికి తొడుగులు, చర్చికి వెళ్ళే బట్టలు. సర్కారు తరఫున ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషేమోనని నేను అనుకున్నాను. లేయా ఎవరు అని అడిగింది. ఆ గొంతు వినగానే నువ్వు ఉత్తరాల్లో ఆవిడ మాటతీరు గురించి రాసినవన్నీ గుర్తొచ్చి, ఈవిడే మీ అత్తగారని తెలిసిపోయింది.

పాకం కలుపుతున్నట్టు నటించాను సోఫీ. చేతిలో గరిటె ఉంది కాబట్టి సరిపోయింది.

గదిలో నీ ఫోటో ఉంది కదా, నీ పదిహేనో ఏట చర్చిలో తెల్ల గౌనుతో తీయించుకున్నది. అది సరిగ్గా ఆవిడ టోపీ ఎదురుగా ఉంది. ట్రే పట్టుకుని దానికి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ అటు జరిగితే నేనూ అటు జరిగాను. చూసేవాళ్ళకి ఇద్దరం డాన్సు చేస్తున్నట్టు ఉండి ఉంటుంది. సంచిలోంచి గుడ్డ తీసి విప్పింది. నువ్వు వేసిన రెండూ ఉన్నాయి, ఎండి చెక్కలైపోయాయి. ఇవి మీ ఇంటివేనా అంది. అవునన్నాను. మీ ఇంటివైతే ఇందులో సోంపు ఎందుకు నలగకుండా గింజలుగా ఉంది, నీ ట్రేలో పొడి కొట్టి ఉందే అని అడిగింది. చూశావా ఆవిడ నాలుక! నువ్వు చిన్నప్పటి నుంచీ బద్ధకపుదానివి, సోంపు నూరవు. అమ్మ ఎన్నిసార్లు మొత్తుకున్నా నూరలేదు.

నేను తడుముకునేలోపు పక్కింటి మీకీ పిన్ని అందుకుంది. ఆవిడ నోటికి తాళం లేదని నీకు తెలుసు. “గింజలు గింజలుగా వేసేది మన సోఫీ కదే” అనేసింది.

మీ అత్తగారు సోఫీ ఎవరని అడిగింది. తన కోడలి పేరు కదా, మెల్లిగానే అడిగింది. నువ్వు నా చెల్లెలివని తేలితే ఆ ఒక్క పేరుతో నీ పెళ్ళి చెల్లదంటారు. నీ కార్డు మీద తెల్లజాతి అని ఉన్నది కొట్టేసి నా కార్డు మీద ఉన్నట్టు కలర్డ్, కలగలుపు జాతి అని రాస్తారు. వచ్చే జనవరిలో బడికి పోవాల్సిన ఎల్సాబేని కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టులో పెన్సిల్ గుచ్చి, జారుతుందా నిలుస్తుందా అని చూస్తారు, నిలిస్తే తెల్లపిల్ల కాదంటారు. ఇవన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

“మా చెల్లెలండీ, అమ్మగారూ. చచ్చిపోయింది” అన్నాను.

నిన్ను నా నోటితో చంపాను. పాతికమంది వింటుండగా అన్నాను, వాళ్ళందరికీ నువ్వు బతికున్నావని తెలుసు. నీ పెళ్ళికి ముందు రోజు రాత్రి నీ పెట్టె మోసినవాళ్ళు కూడా ఆ వరసలో ఉన్నారు. మీకీ పిన్ని గిన్నె కింద పెట్టి, తలగుడ్డ కొస కళ్ళకి అద్దుకుని, “బంగారంలాంటి పిల్ల, దేవుడు తీసుకుపోయాడు” అంది. వెనకనుంచి తాతయ్య జాఫ్తా టోపీ తీశాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ తీశారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపు నిజమైనదే కాబట్టి ఆవిడ నమ్మిందేమో అనుకున్నాను.

తర్వాత ట్రేలోంచి ఒకటి అడిగి తీసుకుంది. తొడుగు విప్పి, చేత్తో తుంపి, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. కొబ్బరి ఎక్కువైందని మాత్రం అని, బయటికి వెళుతూ నా భుజం మీదుగా ఫోటో వైపు చూసింది. చూసింది సోఫీ, నేను అడ్డం నిలబడ్డా చూసింది. ఏమీ అనలేదు, కారెక్కి పోయింది. ఏమీ అనని మనిషే ఎక్కువ భయపెడుతుంది.

అందుకని చెప్పేది బుద్ధిగా విను. మన కూసిస్టర్ల జోలికి ఇంక పోకు. సోంపు, శొంఠి, ఎండు కమలా తొక్క ఇంట్లో ఉంటే ఇప్పుడే పారెయ్యి, ఆ వాసన కర్టెన్లకి పట్టుకుంటుంది. అక్కడి తెల్లవాళ్ళు జడలల్లి వేసుకునే కూక్సిస్టర్లే నేర్చుకో. అందులో రుచేముంది, పంటికి కరకర, గొంతులోకి పంచదార నీళ్ళు, మసాలా అన్న ఊసే లేదు, నాకు తెలియదా? కాని నీ బతుకు ఇప్పుడు అందులోనే ఉంది. చర్చి సంతలో నీ జడలు మెత్తబడి ఊడిపోయాయని అందరూ నవ్వారని రాశావు. పాకం మంచులా చల్లగా ఉండాలట, మూకుట్లోంచి తీసిన జడ సెగ తగ్గకముందే అందులో ముంచాలట. ఇది నేను ఒక దొరసాని ఇంట్లో బట్టలు ఉతికేటప్పుడు చూసింది. మనం వేడి మీద వేడి పోస్తాం, వాళ్ళు వేడి మీద చలి పోస్తారు. నీ చేతికి ఇంకా మన అలవాటే ఉంది. మార్చుకో.

ఇంకొకటి రాయడానికి కలం కదలడం లేదు. ఇంక నాకు ఉత్తరం రాయకు. ఎల్సాబే ఫోటో కూడా పంపకు, పంపితే నేను దాచుకోలేను, అందరికీ చూపిస్తాను. నీ ఫోటో తీసి పెట్టెలో పెట్టాను. ఎవరైనా అడిగితే నీకు అక్క లేదు. నాకు కోపం లేదమ్మా. భయమే ఉంది, భయం కన్నా బెంగ ఉంది.

నీ మేలు కోరే అక్క,
లేయా

తా.క. ఇవాళ ఆదివారం, 19వ తేదీ. ఈ ఉత్తరం రాసి దిండు కింద పెట్టుకున్నాను, పోస్టు చెయ్యడానికి చేతులు రాలేదు. ఇవాళ ఎవరూ లేవకముందే మీ అత్తగారు మళ్ళీ వచ్చింది. కారు లేదు, టోపీ లేదు. వెనక తలుపు కొట్టింది. నేను పాకంలోంచి మొదటి వాయి తీస్తున్నాను. కొబ్బరి కోరు అందుకోబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“కొబ్బరి చల్లకు తల్లీ. మా అమ్మ చల్లేది కాదు.”

దొరసాని భాషలో చెప్పలేదు సోఫీ, మన వీధి మాటలో చెప్పింది. ఆవిడదీ మనవాళ్ళ ఊరే, మామ్రే పక్క పల్లెటూరట. పెళ్ళికి ముందు నీలాగే ఊరు దాటాక మళ్ళీ వాళ్ళమ్మ మొహం చూడలేదట, చచ్చిపోయిందని ఎవరో చెబితే గదిలో తలుపేసుకుని ఏడ్చిందట. హెండ్రిక్‌కి తెలియదు, తెలియకూడదు అంది. పోయిన ఆదివారం నన్ను పట్టుకోవడానికి వచ్చారనుకున్నానని నేనన్నాను.

“పట్టుకోడానికెందుకొస్తాను. మీ చెల్లెలు వేసింది తిన్నాక ఉండబట్టలేక, తినడానికొచ్చాను” అంది.

పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, వేళ్ళు నాక్కుంటూ ఐదు తిన్నది. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. ఆవిడే తెస్తానంటోంది. నువ్వు ఇది చదివేటప్పటికి నీ ఎదురుగానే నిలబడి ఉంటుంది, నువ్వేమంటావోనని నీకంటే ఎక్కువ భయపడుతూ. ముందు ఆవిడని కూర్చోమను.