దర్జీ చెప్పిన తేదీ

జనవరి 9

మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది. నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమంగా లేను.

ఫోనుండగా ఉత్తరమెందుకంటావా? మొన్న ఫోనులో నువ్వు అరిచిన అరుపుకి, కొలతలివ్వడానికొచ్చిన పెద్దమనిషి సగం కొలతల్లోనే వెళ్ళిపోయాడు. ఉత్తరంలో అయితే నువ్వెంత అరిచినా నా ఒక్కడికే వినపడుతుంది.

సంగతేమిటంటే, నా షాపు గదిని ఓనరు అమ్మేస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఉన్నావు కాబట్టి ముందు నీకే చెప్తున్నాను, వచ్చే డిసెంబరు ఆఖరుకి కొనుక్కో, లేకపోతే మిషన్లు సర్దుకో అన్నాడు. లోను ఆఫీసుకి పోతే మేనేజరు కంప్యూటరులోకి చూసి, "మీ స్కోరు ఐదు వందల నలభై ఎనిమిదండీ. ఆరు వందల యాభై దాటాక రండి" అన్నాడు. నేనేమైనా పరీక్ష రాశానా? నాలుగేళ్ళ కిందట కొన్న ఎంబ్రాయిడరీ మిషను ఊరికే దారం తెంపుతోందని ఒళ్ళు మండి, ఆఖరి ఐదు వాయిదాలు కట్టలేదు. దాని ఫలితమట ఇది. తప్పు మిషనుది, మచ్చ నాకు!

క్రెడిట్ కార్డు తీసుకుని బుద్ధిగా వాడితే స్కోరు లేస్తుందని మేనేజరే చెప్పాడు. నిన్న కార్డులమ్మే ఆయన షాపుకొచ్చి బంగారు రంగు కార్డు చూపించాడు. ఖర్చు పెట్టినకొద్దీ పాయింట్లట, చేరగానే చక్రాల సూట్‌కేసు ఉచితమట. ఎవరికి ఏ కార్డు మంచిదో చెప్పడమే కదా నీ ఉద్యోగం. తీసుకోనా?

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: సూట్‌కేసు ఎరుపా, నీలమా అని మీ అత్తయ్య కాజాలు కుడుతూ అడుగుతోంది.


జనవరి 20

మామయ్యకు నమస్కారాలతోనూ తలనొప్పితోనూ మేనకోడలు రాయునది.

ఆ బంగారు కార్డు ముట్టుకోకు. పాయింట్ల కార్డులు స్కోరు బాగున్నవాళ్ళకి. ఒక్క నెల బాకీ మిగిలిందంటే వాళ్ళేసే వడ్డీకి అలాంటి సూట్‌కేసులు నాలుగు కొనుక్కోవచ్చు.

నీకు కావలసింది డిపాజిట్ కార్డు. నీ డబ్బే కొంత బ్యాంకులో పెడతావు, ఆ మేరకు వాడుకోనిస్తారు. పాయింట్లుండవు, బహుమతులుండవు, చూడ్డానికి బస్సు పాసులా ఉంటుంది. నీ వీధి మలుపులో ఉన్న పాత బ్యాంకూ ఇస్తుంది, దాని ఎదురుగా ఉన్న కొత్త కంపెనీ కూడా ఇస్తుంది. కొత్త కంపెనీకి ఏడాది రుసుము లేదు గానీ, నువ్వు బిల్లు కట్టావన్న కబురు స్కోరు వేసేవాళ్ళకి మూణ్ణెల్లకోసారి పంపుతుంది. పాత బ్యాంకు రుసుము తీసుకుంటుంది, కబురు మాత్రం నెలనెలా పంపుతుంది. నీకున్నది ఏడాది గడువు. కాబట్టి రుసుము దగ్గర పీనాసితనం చూపించకుండా పాత బ్యాంకుకే వెళ్ళు. ముందు ఆ మిషను బాకీ కట్టిపారెయ్.

నేను ఆరు కార్డులు తిప్పుతున్నాను. నిరుడు పాయింట్లతోనే విమానమెక్కాను. ఈ విషయంలో నా మాట విను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: సూట్‌కేసు మీద ఆశ వదులుకోమని అత్తయ్యకి చెప్పు. ఆవిడకి ఇవన్నీ అర్థం కావులే. నీకు అర్థమైతే అదే పదివేలు.

ఇంకో తా.క.: నా కోటు గుడ్డ నీకిచ్చి పదహారు నెలలైంది.


ఏప్రిల్ 14

మేనకోడలికి ఆశీస్సులు. ఈసారి కొంచెం తక్కువే.

నువ్వు చెప్పినట్టే పాత బ్యాంకు కార్డు తీసుకున్నాను. మిషను బాకీ పళ్ళు కొరుక్కుంటూ కట్టాను. కార్డుని గుడ్డలో చుట్టి, నా మంచి కత్తెర దాచుకునే పెట్టెలో పెట్టి తాళం వేశాను. మూడు నెలల్లో ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు. అప్పే చెయ్యనివాణ్ణి మించిన బుద్ధిమంతుడెవడుంటాడు చెప్పు?

ఊరికే కూర్చోవడమెందుకని, గుడ్డ కొనేముందు నాలుగు కొట్లు తిరిగినట్టు, నాలుగు కంపెనీల్లో కార్డుకి దరఖాస్తు పెట్టాను. తీసుకోవడానికి కాదు, ఎవరేమిస్తారో చూద్దామని. నలుగురూ కాదన్నారు. అడిగితే పోయేదేముందిలే అనుకున్నాను. ఇవాళ చూస్తే స్కోరు ఐదు వందల ముప్పై ఒకటి! పదిహేడు పోయాయి. నీ సలహా వినకముందే బాగున్నాను కదే!

ఇట్లు,
నష్టపోయిన మామయ్య

తా.క.: నీ కోటు వచ్చే నెల పదిహేనుకి గ్యారంటీ.

ఇంకో తా.క.: పాయింట్ల కార్డు బిల్లు గడువుకి రెండు రోజుల ముందే కట్టేస్తే పాయింట్లేమైనా తగ్గుతాయా అని మీ అత్తయ్య అడగమంది. ఆవిడకి ఆ సూట్‌కేసు పిచ్చి ఇంకా వదల్లేదు.


ఏప్రిల్ 22

మామయ్యకు, జుట్టు పీక్కుంటూ మేనకోడలు రాయునది.

కార్డుని కత్తెర పెట్టెలో పెడితే స్కోరు దానంతటదే లేస్తుందా? వాడాలి, కట్టాలి. అప్పుడే కదా నువ్వు కట్టే మనిషివని వాళ్ళకి తెలిసేది! దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ కంపెనీ నీ చరిత్ర తిరగేస్తుంది. వరసగా నలుగురు తిరగేస్తే, పాపం ఈయనకి చేతిలో డబ్బాడటం లేదు కాబోలని స్కోరు కోసేస్తారు. ఇది గుడ్డల కొట్టు కాదు మామయ్యా, బేరమాడటానికి!

నెలనెలా దారాలూ గుండీలూ కార్డు మీద కొను. పరిమితిలో పావు వంతు దాటకు. బిల్లు మీద వేసిన తేదీకి మొత్తం కట్టు. ఇంతే. దయచేసి ఇందులో నీ తెలివి కలపకు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: పాయింట్లు తగ్గవని అత్తయ్యకి చెప్పు. లేని కార్డుకి లెక్కలెందుకని కూడా చెప్పు.


జులై 3

మేనకోడలికి మామయ్య రాయునది. ఆశీస్సుల సంగతి తరవాత చూద్దాం.

నీ బ్యాంకు మోసపు బ్యాంకు. మే నెల బిల్లు పదిహేనో తారీఖుకి కట్టమన్నారు. ఇరవై ఒకటికి చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళి కట్టాను. జూన్‌లోనూ అంతే. రెండుసార్లూ ఆలస్య రుసుమేశారు!

ఇందులో ఆలస్యమెక్కడుంది? నేను పదిహేను అన్నానంటే ఇరవై రెండని కుట్టేవాడికీ తెలుసు, తొడుక్కునేవాడికీ తెలుసు. ఇరవై ఐదుకి కావలసినవాళ్ళు కూడా పదిహేనుకే కావాలంటారు. రెండు అబద్ధాలూ కలిసి పని సమయానికి అయిపోతుంది. లోకమంతా ఇలాగే నడుస్తోంటే బ్యాంకువాళ్ళు మాత్రం వారం ముందు చెప్పి ఉండరా అనుకున్నాను. వాళ్ళు నిజంగా పదిహేనుకే అడుగుతారని ఎవరు కలగన్నారు?

నిన్న ఒక చెప్పుల కొట్టాయన గది చూడ్డానికొచ్చాడు. నా కటింగ్ బల్ల ఉన్నచోట నిలువుటద్దం పెడతాడట. ఎంత పడుతుందో కొలిచి చూసుకున్నాడు. నా టేపు అడిగి తీసుకుని, దాంతోనే కొలిచాడు. నాకు భయంగా ఉందమ్మా. ఈ వయసులో ఇంకో వీధికి పోతే నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు?

ఇట్లు,
మామయ్య

తా.క.: నీ కోటు పదిహేనుకి. అంటే నీకు తెలుసుగా.


జులై 10

మామయ్యకు నమస్కారం.

ఉత్తరం చదివి ముందు అరిచాను, తరవాత ఏడ్చాను, మళ్ళీ అరిచాను. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యనిది ఒకటే, పెళ్ళి బట్టలు. అవి తేదీకి అందకపోతే పెళ్ళి ఆగుతుందంటావు కదా. నీ ఆర్డర్ల పుస్తకం తీసి, ప్రతి నెలా పదమూడో తారీఖు కింద "బ్యాంకు, పెళ్ళి బట్టలు" అని ఎర్ర సిరాతో రాసుకో. ఇంక నువ్వే కడతావు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: నా కోటు కూడా ఎర్ర సిరాతో రాస్తే బాగుంటుందేమో ఆలోచించు.


నవంబరు 28

మామయ్యకు, తల దించుకుని మేనకోడలు రాయునది.

నవ్వకు. నేను ఫ్లాటు కోసం పెట్టిన లోను కాదన్నారు. ఏ కార్డు ఎక్కడ గీస్తే ఎక్కువ పాయింట్లొస్తాయో గోడ మీద పెద్ద పట్టిక అంటించుకున్నాను గానీ, ఏ బిల్లు ఎప్పుడు కట్టాలో రాసుకోలేదు. ఆరో కార్డు బిల్లు మూడు నెలలుగా మర్చిపోయాను. నా స్కోరు ఆరు వందల నాలుగు. రోజూ పదిమందికి సలహాలు చెప్పే నోరిది! ఆఫీసులో తెలిస్తే తలెత్తుకోలేను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: కోటు అడగడానికి ముఖం లేదు.


డిసెంబరు 19

చిరంజీవి మేనకోడలికి మామయ్య నిండుగా ఆశీర్వదించి రాయునది.

నా స్కోరు ఆరు వందల యాభై ఆరు! మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడు. లోను వచ్చింది, నిన్ననే గది నా పేరున రాయించుకున్నాను. చెప్పుల కొట్టాయన వస్తే కుర్చీ వేసి, కావాలంటే మళ్ళీ కొలుచుకోమని నేనే టేపిచ్చాను.

ఎర్ర సిరా మహిమో ఏమో, బ్యాంకుతో మొదలెట్టి అందరి పనులూ తేదీకి ఇవ్వడం అలవాటైపోయింది. దాంతో కొత్త చిక్కొచ్చిపడింది. పదిహేను అంటే ఇరవై రెండుకే వస్తున్నారు జనం. కుట్టిన బట్టలు వారమేసి రోజులు కొక్కేలకి వేలాడుతున్నాయి. ఒకాయనైతే, "తేదీకే కుట్టేశారా? ఒంట్లో బాగానే ఉందా?" అని పరామర్శించి వెళ్ళాడు.

నీ కోటు పంపుతున్నాను. పెళ్ళి బట్టల లెక్కలో కుట్టాను. లోపలి జేబు కుట్టేసి ఉంటుంది, జాగ్రత్తగా విప్పు. పాత బ్యాంకు నన్ను నమ్మి మామూలు కార్డిచ్చి డిపాజిట్ వెనక్కిచ్చేసింది. ఆ డబ్బు అందులో ఉంది. ముందు ఆ ఆరో కార్డు బాకీ కట్టు, మిగిలినదాంతో డిపాజిట్ కార్డు తీసుకో. బస్సు పాసులా ఉంటుంది, సిగ్గుపడకు. ఇందులో నీ తెలివి కలపకు.

ఇట్లు,
గది గల మామయ్య

తా.క.: అత్తయ్య రాయునది. కోటు అట్టపెట్టెలో పెట్టి ఉత్తరంతో సహా పంపమని మీ మామయ్య నాకప్పగించి వెళ్ళాడు. అట్టపెట్టె దొరకలేదు, సూట్‌కేసులో పెట్టాను. ఎరుపే వచ్చింది. జనవరిలో ఆ కార్డులాయన దగ్గర బంగారు కార్డు నేను తీసుకున్నాను. కాజాల డబ్బులు మొదటినుంచీ నా ఖాతాలోనే కదా పడేది. కరెంటు బిల్లూ ఇంటి సామానూ దాని మీదే. గడువుకి రెండు రోజుల ముందే కడతాను. నా స్కోరు ఏడు వందల తొంభై. ఏడాదిగా ఈ సూట్‌కేసు కటింగ్ బల్ల కిందే ఉంది, మీ మామయ్య దీని మీద కాలు పెట్టుకునే కుట్టాడు. ఎక్కడిదని అడగలేదు. అడిగుంటే లోను నా పేరున ఎప్పుడో వచ్చేది. మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు అన్నీ అడుక్కున్నారు గానీ నన్ను ఒక్కళ్ళూ అడగలేదు. చెప్పుల కొట్టాయన వచ్చిన రోజు ఇక చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో నీ ఎర్ర సిరా ఉత్తరమొచ్చింది, ఈయన తేదీకి పనివ్వడం మొదలెట్టాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎదురుగా కూర్చుని, బట్టలు ఆలస్యమైనందుకు జనం తిట్టే తిట్లన్నీ విన్నదాన్ని, చేతులారా ఎలా చెడగొట్టుకుంటాను? ఆయనకి లోను రాకపోతే ముప్పై ఒకటిన నేనే వెళ్ళి సంతకం పెట్టేదాన్ని. ఈ సంగతి ఆయనకి చెప్పకు. సూట్‌కేసు జనవరి పదిహేనుకి తిరిగి పంపు. ఇది మీ మామయ్య పదిహేను కాదు, నా పదిహేను.