కొత్త జీవితం బృందమూ, మరుగుదొడ్డి గొయ్యీ

నైరోబి,
ఫిబ్రవరి 3

లుగుసి అనాథాశ్రమం పెద్దదిక్కు రేచల్ నాకుమిచా అమ్మగారికి,

ప్రభువు పేరిట డీకన్ బెర్నార్డ్ ముగంబి వందనాలు. మీ ఆశ్రమానికి కొత్త మరుగుదొడ్డి గొయ్యి అవసరమని విన్నాం. మా 'కొత్త జీవితం' బృందం, ఎనిమిది మంది, మార్చి మొదటి వారంలో వచ్చి అది తవ్విపెడతారు. జీతం వద్దు. బస్సు ఛార్జీలు వాళ్ళవే. పొద్దున మొదలుకొని సాయంత్రం దాకా పని చేయించండి, ఏమాత్రం జాలి చూపకండి. తప్పిపోకుండా అందరికీ వీపు మీద నంబర్లున్న ఆకుపచ్చ చొక్కాలు కుట్టించాం. వారం అయ్యాక అందరూ పని పూర్తి చేశారని మీరు ఒక సంతకం పెట్టి ఇస్తే మా పాస్టర్ గారికి చూపించుకుంటాం.

నేనే ముందుండి తీసుకొచ్చేవాణ్ణి గానీ, పారలు కొన్న రోజే నా నడుం పట్టేసింది.

మీ సోదరుడు,
ముగంబి

తా.క. మా వాళ్ళు పాటలు బాగా పాడతారు. వద్దంటే ఆపుతారని మాత్రం మాటివ్వలేను.


లుగుసి, బుంగోమా దగ్గర
ఫిబ్రవరి 10

డీకన్ ముగంబి గారికి,

నాకుమిచా వందనాలు. ఇక్కడ పిల్లలందరూ క్షేమం, ఒక్క మసిండే తప్ప. వాడు బొత్తం మింగాడు, ఎదురుచూస్తున్నాం.

మీ ఉత్తరం చదివి ఏడ్చానంటే నమ్మండి. మా పాత దొడ్డి నిండిపోయింది. వానలు పట్టేలోపు కొత్తది కట్టకపోతే ఆశ్రమం మూసేసి పిల్లల్ని తలా ఒక చోటికి పంపేస్తానని హెల్త్ ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. అక్కాచెల్లెళ్ళని కూడా విడదీస్తారట. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మనుషుల్ని ఇవ్వమని పట్నంలో అడగవలసిన ఆఫీసులన్నీ అడిగాను. వాళ్ళే నైరోబికి రాసినట్టున్నారు, దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి.

చర్చి అతిథులు ఎలా ఉంటారో మాకు తెలుసు. పొద్దున కార్లలో వస్తారు, పిండి, చక్కెర ఇస్తారు, పొడుగాటి ప్రసంగం చేస్తారు, ఫోటో దిగి చీకటి పడకముందే వెళతారు. అతిథి కాబట్టి మేం మంచినీళ్ళు కూడా వాళ్ళని ముంచుకోనివ్వం. మీవాళ్ళు ఆ బాపతు కాదని మొదటి నాలుగు ముక్కల్లోనే అర్థమైంది. జీతం లేని పని, నంబరు చొక్కా, చివర్న సంతకం అన్నాక ఇక విడమరిచి చెప్పాలా? అలాంటివాళ్ళు ఇదివరకూ మా దగ్గరికి వచ్చారు. పోయినేడు ఇద్దరు మొక్కజొన్న చేలోంచి పారిపోయారు. అందుకని ఈసారి మా ఊరి అధికారి, చీఫ్, ఒక పోలీసును కాపలా పెడతానన్నాడు.

ఒక్క మాట, ఏమీ అనుకోకండి. ఇక్కడ పిల్లలున్నారు. ఎవరు ఏం చేసి వస్తున్నారో దాచకుండా రాయండి. ఎత్తిపొడవటానికి కాదు, సామాన్ల గది తాళంచెవి ఎవరికి ఇవ్వకూడదో తెలియాలి కదా.

మీ అక్క,
నాకుమిచా

తా.క. మీ మేజిస్ట్రేటు గారికి నా నమస్కారాలు చెప్పండి.


నైరోబి,
ఫిబ్రవరి 17

ప్రియమైన నాకుమిచా అక్కకి,

ఈ రోజుల్లో ఒకరి సాక్ష్యం ఇంకొకరు అడిగి మరీ వినటం ఎక్కడుంది? మీ ఉత్తరం ప్రార్థన కూడికలో చదివితే అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళ వాళ్ళ గతం వాళ్ళే చెప్పారు, నేను రాసుకున్నాను. ముఖ్యమైనవి పంపుతున్నాను.

కియోకో: చిన్నప్పుడు హెడ్మాస్టరు గారి చెట్టున జామకాయలు దొంగిలించాడు. అమ్మమ్మ ఊళ్ళో తలదాచుకున్నాడు.

వైరిము: పక్కింటావిడ ఫ్రిజ్ మీద ఏళ్ళతరబడి కన్నేసింది.

గథోని టీచరమ్మ: రిటైరయ్యారు. ఆమె నాలుక వల్ల చర్చి పాటల బృందం రెండు ముక్కలైంది.

ఒమొండి: మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళు ఊడగొట్టి డబ్బు తీసుకునేవాడు. ఇప్పటికీ ఊడగొడతాడు, కాకపోతే ఇప్పుడు ముందు ప్రార్థన చేస్తాడు.

మిగతా నలుగురూ వచ్చాక స్వయంగా చెప్పుకుంటామన్నారు. ఒకాయనది చాలా పొడవు.

పారిపోతారనే భయం పెట్టుకోకండి. తిరుగు టిక్కెట్లు కొనేశాం, డబ్బు వెనక్కి ఇవ్వరు.

మీ తమ్ముడు,
ముగంబి

తా.క. మా సండేస్కూలు టీచరు భర్త మేజిస్ట్రేటే. ఆయన సంగతి మీకెలా తెలిసిందో గానీ, మీ నమస్కారాలు అందజేస్తే పొంగిపోయాడు. మనుషులు చాలకపోతే ఇంకా పంపుతానన్నాడు.


లుగుసి,
ఫిబ్రవరి 24

తమ్ముడు ముగంబికి,

బొత్తం వచ్చింది. దేవునికి స్తోత్రం.

నీ ఉత్తరం మా చీఫ్, నేను రెండుసార్లు చదివాం. నైరోబి ఇంత కఠినమైన ఊరా? జామకాయలకి ఇన్నేళ్ళ తరువాత ఎవరైనా పట్టించుకుంటారా? ఆ వైరిము ఫ్రిజ్ వైపు చూసిందే గానీ తీసుకోలేదు కదా, చూసినందుకే గొయ్యి తవ్వాలా? ఇక గథోని టీచరమ్మ. చాడీలకి ఇంత పని చేయిస్తే మావైపు శనివారం సంత నడవదు. ఆవిడకి బరువు పని చెప్పను, మట్టి బుట్ట అందిస్తే చాలు.

ఒమొండి విషయం వేరు. చీఫ్ ఆ పోలీసును అతని పక్కనే నిలబెడుతున్నాడు. అతను కనిపిస్తే నోరు మూసుకోండని పిల్లలకి చెప్పాను.

వాళ్ళ గతం ఎవరూ ఎత్తకూడదని అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాను. నేను కూడా మాట కలపను. వచ్చి, తలవంచుకుని పని చేసుకుని, గౌరవంగా వెళ్ళిపోనీ. పడుకోవటానికి మొక్కజొన్న కొట్టు ఊడ్పించాను.

మీ అక్క,
నాకుమిచా

తా.క. అదే వారం నైరోబి చర్చి నుంచి ఎవరో అతిథులు వస్తున్నారని మా బిషప్ గారు కబురు పంపారు. మంచి మంచాలు, కుర్చీలు, కోళ్ళు వాళ్ళకి అట్టిపెట్టాను. మీవాళ్ళని చూసి వాళ్ళు బెదరకుండా చూసుకుంటాలే.


నైరోబి,
మార్చి 14

ప్రియమైన అక్కకి,

మావాళ్ళు తిరిగొచ్చారు. చేతులనిండా బొబ్బలు, ముఖాలనిండా వెలుగు. ఇలాంటి క్రమశిక్షణ ఏ బైబిలు శిబిరంలోనూ చూడలేదన్నారు. రోజూ ఉదయం పోలీసాయన నంబర్లు పిలవటం, పొలం గట్టుకి వెళ్ళినా వెంట రావటం, రాత్రి కొట్టు బయట గడియ పెట్టటం, అన్నీ తమ అహంకారాన్ని అణచటానికి మీరు చేసిన ఏర్పాట్లని గ్రహించారు. ఒమొండి మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. పిల్లల పళ్ళు ఉచితంగా చూద్దామని పెట్టె మోసుకొస్తే, ఒక్కడూ నోరు తెరవలేదట.

ఇంకొక్కటి. మామిడిచెట్టు కింద నలుగురు అతిథులు కుర్చీల్లో కూర్చుని కోడికూర తింటూ, "కుడివైపు ఇంకొంచెం లోతు పోవాలి" అని సలహాలిచ్చారట. మావాళ్ళకి మీరు పెట్టింది ఉగాలి, అదే మొక్కజొన్న ముద్ద, ఆకుకూర. ఈ పరీక్ష అన్నిటికంటే కష్టమైందని గథోని టీచరమ్మ సాక్ష్యం చెప్పింది.

మరి ఆశ్రమం సంగతి ఏమైంది? హెల్త్ ఆఫీసరు వచ్చాడా?

మీ తమ్ముడు,
ముగంబి

తా.క. ముఖ్య అతిథికి వేసే కోడి కందనకాయ గోతిలో ఉన్నవాళ్ళకి కూడా ఎప్పుడైనా ఇస్తారా అని కియోకో అడగమన్నాడు. ఊరికే, తెలుసుకుందామని.


లుగుసి,
మార్చి 22

తమ్ముడూ ముగంబీ,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చోవటానికి ముఖం చెల్లటం లేదు.

ముందు మంచి కబురు. హెల్త్ ఆఫీసరు వచ్చాడు, గోతిలోకి టార్చి వేసి చూశాడు, అడుగు కనపడటం లేదన్నాడు, సంతోషంగా వెళ్ళాడు. ఆశ్రమం ఉంటుంది. పిల్లలు ఎక్కడికీ పోరు. ఇప్పుడే అక్కాచెల్లెళ్ళిద్దరు ఒకే మంచం మీద జుట్లు పట్టుకుంటున్నారు, ఆపబుద్ధి కావటం లేదు.

ఇక రెండోది. మీవాళ్ళు బస్సెక్కిన సాయంత్రమే పట్నం కోర్టు ఆఫీసరు వచ్చాడు. చిన్న నేరాలు చేసినవాళ్ళని జైలుకి పంపకుండా ఇలాంటి చోట్ల పనికి పెడతారు కదా, నేను అడిగింది వాళ్ళనే.

"నా మనుషులు ఎట్టా చేశారు తల్లీ?" అన్నాడు.

"బంగారంలా చేశారు. ఇందాకే బస్సెక్కించా."

"బస్సేంటి? అదుగో, నలుగురూ కుర్చీల్లో కూర్చుని చేతులు కడుక్కుంటున్నారుగా."

తిరిగి చూద్దును కదా, మామిడిచెట్టు కింద నా అతిథులు. నాటుసారా కాచిన సెలీనా, దారిలో కొట్టుకున్న ఇద్దరు సైకిలు టాక్సీవాళ్ళు, అడవిలో చెట్టు కొట్టిన ముసలి సిముయు. కోర్టు కోసం ఆదివారం బట్టలు వేసుకుని వచ్చారు, గేటు దగ్గర పిల్లల చేత స్వాగతం పాట పాడించాను. అతిథిని తిండి పూర్తికాకముందు 'ఏ పని మీద వచ్చావు' అని అడగటం మా ఇళ్ళలో లేదు. నేను తిండి ఆపితే కదా అడిగేది. బిషప్ గారికి కూడా దక్కని కందనకాయ రోజూ ఆ సిముయుకి వేశాను.

"నోరు విప్పి చెప్పొద్దా, ఏమే?" అన్నాను సెలీనాని.

"చెబుదామనే అనుకున్నా అక్కా. విప్పినప్పుడల్లా నువ్వు ముద్ద పెట్టావు."

కోర్టు ఆఫీసరు గొయ్యి చుట్టూ తిరిగాడు, నా వంక చూశాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. "గొయ్యి తవ్వమన్నారు, గొయ్యి ఉంది. ఎవరు తవ్వారని నన్నెవరూ అడగలేదు," అని నలుగురి శిక్షా తీరినట్టు సంతకం పెట్టి వెళ్ళాడు.

ఎనిమిదిమంది అతిథుల చేత గొయ్యి తవ్వించి, గడియ పెట్టి పడుకోబెట్టిన ఇల్లు ఈ జిల్లాలో నాదొక్కటే. సిగ్గుతో ఆదివారం చర్చిలో అందరి ముందూ ఒప్పుకున్నాను. జనం నవ్వారు. మా పాస్టర్ నవ్వలేదు. తన ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పు చేసినవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని విందు తిన్నారు. ఏ తప్పూ చేయనివాళ్ళు వాళ్ళ శిక్ష మోశారు. ముప్పై ఏళ్ళుగా నేను చెప్పేది ఇదేగదయ్యా. మీరు ఆవలిస్తూ కూర్చున్నారు. ఇప్పుడైనా తలకెక్కిందా?" అన్నాడు.

వెనక వరసలో సెలీనా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మీవాళ్ళు మళ్ళీ రావాలి. ఈసారి పారలు తెస్తే గేటు దగ్గరే లాక్కుంటాను.

మీ అక్క,
నాకుమిచా

తా.క. సంతలో సారా కాసేవాళ్ళందరూ మీ బృందం మళ్ళీ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. దాన్నిబట్టి పట్టుబడదామని.