రెండు రోజుల బంద్

స్వరూపా, నేను క్షేమమే. ఫోన్లు ప్లాంటు గేటు దగ్గరే పెట్టించుకుంటున్నారు, క్యాంపులో సిగ్నల్ రాదు. అందుకే ఈ కార్డు.

కొత్త అణు రియాక్టరు భవనంలో పైపులు కలపాలని మంటలార్పే నీళ్ల లైను, పొగ అలారం రెండూ బంద్ పెట్టారు. అవి మళ్లీ నడిచేదాకా మంటలార్పే సిలిండర్ పట్టుకుని కాపలా కాయడం నా డ్యూటీ. "రెండు దినాల పనే తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నాడు సూపర్‌వైజర్ సదానందం, మన కాజీపేటాయనే. నేటికి ఇరవై రెండు రోజులు.

మొన్న కొత్త ఫైర్ పంపు వస్తే దానికి పూజ చేశారు. కర్పూరం వద్దని మొత్తుకున్నాను. "హారతి ఇయ్యకుంటే పంపు ఎట్ల నడుస్తది? జర ఊకో" అని సదానందమే వెలిగించాడు. పక్కనున్న టార్పాలిన్ అంటుకుంది. అలారం మోగలేదు, ఎట్లా మోగుతుంది? నేనే సిలిండర్ కొట్టి ఆర్పాను. కొబ్బరికాయలు, పులిహోర, పెద్ద సారు చొక్కా అన్నిటి మీదా తెల్లటి పొడి. మంట ఆరిందని ఒక్కరూ అనలేదు. పూజ పాడుచేశానని నాకు మెమో ఇచ్చారు.

అనూష బస్సు పాసు వచ్చిందా? నాన్న బీపీ గోళీలు అయిపోకముందే తెప్పించు. ఆయనకు నా దండాలు, పిల్లకు దీవెనలు.

మెమోకు జవాబు రాస్తుంటే మన వంటింటి గ్యాస్ పైపు గుర్తొచ్చింది. పగులు మీద టేపు చుట్టి, రెండు రోజుల్లో మారుస్తానన్నది నేనే. దసరా నుంచి అట్లాగే ఉంది. కార్డు అందగానే గ్యాస్ బంద్ పెట్టి కొత్త పైపు వేయించు. మెమో నాకు రావలసింది ఇందుకు.

మహిపాల్