రేకు పట్టుకున్న నాయన

బుధవారం, రాత్రి

రేపు రాప్తాడు ధాబా ఆయన వచ్చి నేను పొగబెట్టిన మాంసం రుచి చూస్తాడు. నచ్చితే వారం వారం తీసుకుంటాడు. అందుకే ఈ రోజు మరోసారి చేసి చూశాను. గాలికి మాంసం పొగబెట్టే గ్యాస్ పెట్టెలో వేడి పడిపోతుంటే మంట పెంచుతూ పోయాను. గాలి ఆగగానే వేడి చూపే ముల్లు రెండు వందల డిగ్రీలు దాటింది, పొట్టేలు తొడ మాడింది.

"మంట పెంచితే గాలి తగ్గుతాదా పాపా?" అంటూ నాయన రేకు తెచ్చి గాలికి అడ్డంగా పట్టుకున్నాడు. రాళ్లు ఆనిద్దామన్నాను.

"గాలి దిక్కు మారుస్తాంటాది. రాళ్లకేం తెలుస్తాది?"

మంట తగ్గించి రెండో ముక్క పెట్టాను. ముల్లు నూట పది దగ్గర నిలిచింది. మూడు గంటలు నాయన కూడా అలాగే నిలబడ్డాడు.

"ఆ ధాబా ఆయప్ప వద్దంటే మళ్లీ బెంగుళూరు పోతావా?" అని రేకు వెనక నుంచి అడిగాడు. ముఖం కనబడలేదు.

మంట బాగానే ఉంది. అయినా సరిచేస్తున్నట్టు వంగి కూర్చున్నాను.