ఇంజను పోలేదు

కోయంబత్తూరు,
ఆదివారం.

చిరంజీవి అప్పలనాయుడికి అక్క ఆశీస్సులు.

ముందుగా నీ తప్పొకటి దిద్దాలి. మొన్న ఫోనులో నా మనవరాలు కీర్తనతో, "మార్పులు మార్పులని కారు ఇంజన్ని సంపేసినావు గదే! ఇంకేటుంది అందులో? బేగి అమ్మి పారెయ్" అన్నావు. ఇంజను పోలేదు. పిల్ల దాన్ని చంపలేదు. ఎవరు చంపబోయారో తీరిగ్గా రాస్తాను. ఫోనులో చెబుదామంటే నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. పైగా ఈ అద్దె ఇంట్లో గోడలు పల్చన, పిల్లకి వినబడుతుంది. అందుకే ఉత్తరం. కళ్లజోడు పెట్టుకుని ఒక్కడివే కూర్చుని చదువు. మరదలికి తర్వాత చదివి వినిపించు, ఇందులో ఆవిడ భాగమూ కొంత ఉంది.

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ షుగరెంతో అడగను, నువ్వెలాగూ నిజం చెప్పవు. మరదలి మోకాలు తగ్గిందా? పిన్నిగారు చెవి మిషను పెట్టుకుంటున్నారా, లేక డబ్బాలో దాచుకుంటున్నారా? నర్సీపట్నంలో ఎండలు మండిపోతున్నాయని విన్నాను. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి కొండల మీంచి చల్లగాలి వస్తుంది. ఆ ఒక్కటీ బాగుంది. తిండి చూస్తే, కూరల్లో పప్పు, పప్పులో పులుసు, పులుసులో మళ్లీ కూరలు. గోంగూర కట్ట కోసం మూడు బజార్లు తిరగాలి. ఉద్యోగమంతా భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, ఇప్పుడు కొత్తిమీర అడగడానికి చేతులు తిప్పుతున్నాను. నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. పోట్లాడడానికి మనిషి లేకపోవడమే కష్టంగా ఉంది.

మా అమ్మాయి నన్నిక్కడికి ఎందుకు పంపిందో నీకు తెలుసు. పిల్లకి పంపుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, కొత్త ఊళ్లో ఒంటరిగా ఉండకూడదు, అమ్మమ్మ కాపలా ఉండాలి అని. నేను ఉంటున్నాను. సెలవు రోజుల్లో కారు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని టార్చిలైటు పట్టుకుంటున్నాను. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పకు.

ఆ కారు నువ్విచ్చిందే. దాన్ని తయారుచేసిన వాళ్లు చిన్న ఒంట్లో పెద్ద ఇంజను పెట్టింది జోరుగా పోవడానికని. నువ్వు దాన్ని ఇన్నేళ్లూ మాకవరపాలెం జీడితోటకి, వెనక సీట్లో గుడ్లబుట్ట ఉన్నట్టు నడిపావు. పిల్ల దాన్ని వారమంతా ఆఫీసుకి నడుపుతుంది. సెలవు రోజున ఊరి బయట ట్రాక్ మీదికి తీసుకెళుతుంది. ట్రాక్ అంటే మెలికలు తిరిగిన రోడ్డు. ఎదురు బళ్లూ గేదెలూ ఉండవు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎవరి కారు వాళ్లు ఎంత జోరుగానైనా తోలుకోవచ్చు. ఒకరితో ఒకరికి పందెం లేదు, గడియారంతోనే. నీ భయం నాకూ ఉంది. అందుకే ప్రతిసారీ వెంట వెళ్లి చెట్టు నీడన కూర్చుంటున్నాను. నేను కూర్చుంటే ఏం ఆగుతుందని అడగకు.

మొదటిసారి వెళ్లినప్పుడు బ్రేకులు పొగలు కక్కాయి. పాత కారు, పాత బ్రేకు నూనె. అది మరిగితే పెడలు మెత్తబడి లోపలికి దిగబడిపోతుంది. నూనె మార్చారు, వేడికి తట్టుకునే ప్యాడ్లు వేశారు. ట్రాక్ మీద అవి అద్భుతం. మా వీధిలో మాత్రం చల్లగా ఉన్నప్పుడు అవి చేసే కీచుకి కుక్కలన్నీ లేచి నిలబడతాయి. తర్వాత స్ప్రింగులు మార్చారు. మలుపుల్లో కారు ఒరిగిపోకుండా బిగువైనవి వేశారు. దాంతో మా సందులో ప్రతి గుంతా నా వెన్నుపూసని పేరు పెట్టి పలకరిస్తుంది. ఒళ్లో దోసెల పిండి గిన్నెతో ఒకసారి కూర్చున్నాను. రెండోసారి కూర్చోను.

ఇదంతా చేసేది దేవరాజ్ అనే మెకానిక్కు. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు, తాతల నాటి తెలుగు. "అవ్వా, మీరు రోడ్డుకో కారు, ట్రాకుకో కారు పెట్టుకుంటే నా తల బాగుంటాది" అంటాడు. "రెండో కారు నువ్వు కొనిపెడతావా నాయనా?" అన్నాను. అప్పటినుంచి ఆ ఊసు మాని పని చేస్తున్నాడు.

ఇక అసలు గొడవ. బ్రేకుల భయంతో అంతవరకూ పిల్ల పూర్తి జోరు తియ్యలేదు. అన్నీ బిగించాక కారు ఊళ్లో చక్కగా నడుస్తుంది. ట్రాక్ మీద తిన్నని దారిలో జోరందుకోగానే ఊపిరాడనట్టు జావగారిపోతుంది. కాలు తీస్తే తేరుకుంటుంది, తొక్కితే మళ్లీ అదే. షెడ్డుకి తీసుకొస్తే నిలబెట్టి ఎంత మోత మోగించినా ఏ జబ్బూ లేదు. డాక్టరు దగ్గరికెళ్లగానే జ్వరం తగ్గిపోయే మనిషిలా ఉంది దాని వరస. ప్లగ్గులు మార్చారు. పెట్రోలు పంపు మార్చారు. గాలి ఫిల్టరు డబ్బా తెరిచి కొత్త ఫిల్టరు వేశారు. ఏది మార్చినా అదే తంతు. నాకు విసుగొచ్చి, "దీనికి మందులన్నీ వేశారు, ముక్కు చూశారా?" అన్నాను. దేవరాజ్ నవ్వి, "ఫిల్టరు చూసినాం కదవ్వా" అన్నాడు. సరేననుకుని నేనూ టార్చి ఆర్పేశాను.

సరిగ్గా అప్పుడు నువ్వు ఫోనులో ఆ మాట అన్నావు. పిల్ల ఫోను పెట్టేసి కారు తాళాలు మేకుకి తగిలించింది. తర్వాత, "తాత ఇన్నేళ్లు ఏమీ కాకుండా చూసుకున్నాడమ్మమ్మా. నా చేతికొచ్చాకే పాడైంది" అంది. మర్నాడే కారు అమ్మకానికి పెట్టింది. ఆ కారులో పిల్లకి డ్రైవింగు నేర్పింది నువ్వు, ట్రాక్ దగ్గర తప్ప ఈ ఊళ్లో తనకి నలుగురు స్నేహితులు లేరు. ఆ ఒక్క ముక్కతో రెండూ వదులుకోవడానికి సిద్ధపడింది. నీ నోటికో ఫిల్టరు వెయ్యాలనిపించింది నాకు.

కొనేవాడు వచ్చి, బంపరుకి గీతలున్నాయి, రంగు వేయించి ఇవ్వమన్నాడు. రంగు కోసం నిన్న బంపరు విప్పారు. నేను లైటు పట్టుకుని ఉన్నాను. బంపరు లోపల, బానెట్టు తెరిచినా కనబడని మూల, ఇంజనుకి గాలి వెళ్లే గొట్టం నోరుంది. దాని పక్కన ఇనుప తీగతో కట్టి, ఒక నల్ల మూట వేలాడుతోంది.

"ఇదేటమ్మమ్మా?" అంది పిల్ల.

దేవరాజ్ చెప్పులు విడిచి ఒకడుగు వెనక్కి వేశాడు. "ఎవరో చేతబడి చేసినారవ్వా."

"చేతబడి కాదు నాయనా, మా తమ్ముడు" అన్నాను.

మూట విప్పితే పటిక ముక్క, నల్లజీడి గింజ, ఎండు మిరపకాయలు. కారు తీసుకుని మేం బయలుదేరిన రోజు నువ్వు కొబ్బరికాయ కొట్టావు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టావు. ముందు జాలీకి ఏమీ వేలాడదీయొద్దని పిల్ల అంటే, "సరేలే అమ్మా, నీ ఇష్టం" అన్నావు. అంత బుద్ధిగా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. మమ్మల్ని కాఫీకి లోపలికి పంపి, బంపరు కింది సందులోంచి చెయ్యి దూర్చి దిష్టి మూట కట్టావు. కట్టావు సరే. నూలుగుడ్డ దొరకలేదా? అదైతే ఈపాటికి చీలికలై రాలిపోయేది. నువ్వు మరదలి పాత గొడుగు గుడ్డ చింపి కట్టావు, వానకి చెడకూడదని. చెడలేదు. మెల్లగా వెళితే, మూట కట్టగా మిగిలిన గుడ్డ కొస కిందికి వేలాడుతుంది. జోరందుకుంటే ఎదురుగాలికి లేచి, ఇంజను పీల్చే ఊపుకి ఆ కొస గొట్టం నోటికి మూతలా అతుక్కుంటుంది. నీరు చొరబడని గుడ్డలోంచి గాలి ఎలా చొరబడుతుంది? నువ్వు ఎనిమిదో తరగతిలో నా పుస్తకాలే చదివావు, ఆ పాఠం అందులో ఉంది.

మూట తీసి, బంపరు బిగించి, ఈ పొద్దున ట్రాక్‌కి వెళ్లాం. తిన్నని దారిలో కారు నా ముందునుంచి వెళ్లిన మోతకి చెట్టు మీది పిట్టలన్నీ లేచాయి. దిగి వచ్చిన పిల్ల మొహం చూసి ఉంటే నువ్వు తలకాయ దించుకునేవాడివి.

దేవరాజ్ ఆ మూటని చెత్తడబ్బాలో వెయ్యబోతే పిల్ల లాక్కుంది. సీటు కింది అరలో పెట్టుకుంది. "మన మంచికే కదా కట్టాడు. తాతకి చెప్పకమ్మమ్మా, బాధపడతాడు" అంది. నేను తలూపాను. అది మంచిది, నేను అంత మంచిదాన్ని కాదు, అందుకే రాస్తున్నాను. కానీ కొనేవాడికి ఇంకా వద్దని చెప్పలేదు. వచ్చే నెల చెబుతానంది. ఎందుకే అంటే, "తాతే అమ్మెయ్యమన్నాడు కదా, ఆయన బండి" అంది. కారు బాగుపడింది గాని, నువ్వన్న మాట ఇంకా పిల్ల ఊపిరి పట్టుకునే ఉంది. అది తియ్యడం దేవరాజ్ చేతిలో లేదు.

నీకు విషయం తెలిసినట్టు తెలియనివ్వకు. ఫోను చేసి క్షమించమంటే, నేను చెప్పేశానని పిల్ల నా మీద పడుతుంది. నువ్వు చెయ్యాల్సింది కింద రాశాను.

పిన్నిగారికి నా నమస్కారాలు చెవి మిషను పెట్టాక చెప్పు. మరదలికి దీవెనలు, ఒక కొత్త గొడుగు కొనిపెట్టు. నువ్వు చల్లగా ఉండు, మందులు వేసుకో, ఏ బండి దగ్గరికీ ఒంటరిగా వెళ్లకు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ మీద కోపంగా ఉన్న అక్క,
సత్యవతి

తా.క. కారు ఇచ్చేటప్పుడు గేరు రాడ్డు మీది గుండు గుర్తుగా ఉంచుకుని, బదులు ఇనుపది బిగించి పంపావు. అది ఎండకి పెనంలా కాలుతోంది, పిల్ల చేతిగుడ్డ చుట్టి గేరు మారుస్తోంది. నీ పాత గుండు కొలతకి పట్టుకుని ఏటికొప్పాక బొమ్మలవాళ్ల దగ్గరికి వెళ్లు. అలాంటిదే అంకుడు కర్రతో చెయ్యమను. లోపల మర సరిపోయే ఇత్తడి నట్టు గట్టిగా దిగ్గొట్టాలి. లక్క రంగు వద్దు, ఎండలో కారు లోపల మెత్తబడి చేతికంటుకుంటుంది. నున్నగా రుద్ది వదిలెయ్యమను. దాంతో పాటు చీటీ మీద, "బండి అమ్మొద్దు, ఇది బిగించుకో" అని నీ చేత్తో రాయి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయకు. కావలిస్తే దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టు. గుడ్డ మాత్రం ఏదీ చుట్టకు. పాత న్యూస్‌పేపరులో పొట్లం కట్టి, ఈ వారంలోనే కొరియరులో వెయ్యి.