రైలుకట్ట మీద పాలు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చెరిగిపోయిందని నువ్వు బాధపడ్డ రైలుకట్ట నిన్న నాకు ఫోన్‌లో దొరికింది.

ఆకాశం నుంచి తీసిన ఫొటో అది. బిజినేపల్లి దాటాక, చేల మధ్య తెల్లటి చార ఒకటి వంపు తిరిగి వాగు దాటి పోయింది. ఎప్పుడో రాళ్లు మోయడానికి వేసి వదిలేసిన రైలు దారి. పట్టాలు పీకేసి కట్టను దున్నేసినా, పైనుంచి చూస్తే అక్కడి మట్టి రంగే వేరు.

పురిట్లోనే పోయిన అన్నను, ఎవరూ దున్నరు కదా అని ఆ కట్టలోనే, వాగు మీద కట్టిన మోరీ వంతెన పక్కన పూడ్చామని చెప్పేదానివి. మోరీ రాళ్లను కూడా ఎవరో ఎత్తుకుపోయాక, ఒక వేపచెట్టును గుర్తు పెట్టుకుని ఏటా దాని కింద పాలు పోసేదానివి. ఆ చార వాగును దాటేది అక్కడ కాదమ్మా. రెండు చేల అవతల.

పొద్దున చెంబులో పాలు పట్టుకుని అక్కడికి పోయాను. ఆ చేను కౌలుకు చేస్తున్న రైతు నా దగ్గరికి వచ్చాడు.

“ఏందక్కా, ఏం దేవులాడుతున్నవ్?”

“గీడ రైలుకట్ట ఉండె గదా.”

“ఉండెనంట. గీ పట్టీల పల్లి చేను ఎన్నడూ సక్కగ ఎదగదు. ఎందుకో తెల్వదు.”

అక్కడ సగం పాలే పోశాను. మిగతావి తీసుకెళ్లి నీ వేపచెట్టు కింద పోశాను. పేరైనా పెట్టని బిడ్డను, “రా నాయనా” అంటూ ఇన్నేళ్లు అక్కడికే పిలిచావు. అన్న ఎప్పుడో నడిచి వచ్చే ఉంటాడు.