ఐదు ముళ్ళ సీసా

ఒరేయ్ బక్కోడా,

నీ పెద్దమ్మ చెబుతుంటే టైలరమ్మ రాస్తోంది. క్షేమమా అని అడగను. ఆ మాట అడగాల్సినంత మంచి పని నువ్వు చెయ్యలేదు. "అత్తా, మొదట్లోనే తిట్లెందుకు?" అని ఈవిడ కలం ఆపింది. నీ మిషను ఆగకుండా కుట్టినట్టు రాయవే, నా నోటికి నువ్వు కత్తెర పెట్టకు, అన్నాను. కాబట్టి ఇందులో ప్రతి మాటా నాదే.

మొన్న మోకాలు చూపించుకుందామని కింది ఆసుపత్రికి వెళ్ళాను. గోడ మీద పటం ఒకటి తగిలించారు. మన కొండే. అడుగున ఎర్ర రంగు, పైన తెలుపు, మధ్యలో లావుపాటి గీత. "ఇందులో మా ఇల్లెక్కడమ్మా?" అని నర్సును అడిగాను. ఆ పిల్ల గీతకు బాగా పైన వేలు పెట్టింది. "మీరు తెల్లలో ఉన్నారు బామ్మా, అదృష్టవంతులు. పిడుదుల జ్వరం ఈ మలుపు దాకానే. అది రాకుండా వేసే సూదులు కూడా అక్కడిదాకానే వేస్తారు" అంది. గీసిందెవరని అడిగాను. కింద రాసున్న పేరు చదివింది. నీ పేరు.

నా చెల్లెలు, నిన్ను కన్న తల్లి, కిందటేడు గడ్డి కోతలప్పుడు ఎలా పోయిందో నీకు చెప్పాను. మళ్ళీ విను. నాలుగు రోజులు జ్వరం. తగ్గింది. వారం రోజులు లేచి తిరిగింది, వండింది, నాతో దెబ్బలాడింది కూడా. ఆ తర్వాత జ్వరం తిరగబెట్టి మెడ కర్రలా బిగుసుకుపోయింది. మొదటి జ్వరానికి పది రోజుల ముందు దాని మోకాలి వెనక నుంచి, నెత్తురు తాగి ఉబ్బిన పిడుదును పీకింది ఈ చేతులే. డాక్టరుకు అదే చెప్పాను. ఆయన గోడ వంక చూశాడు. "ఆ ఎత్తులో ఆ జ్వరం రాదమ్మా" అన్నాడు. గోడ మీద ఏముందో నాకు అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది.

మూడేళ్ళు ఎవరి కోసం చేశానురా ఆ పని? తెల్ల గుడ్డను గడ్డి మీద ఈడ్చు పెద్దమ్మా, దానికి పట్టుకున్న పిడుదుల్ని సీసాలో వెయ్యి పెద్దమ్మా, అన్నావు. నాకు అక్షరం రాదంటే సీసా మెడకు దారం కట్టి ముళ్ళు వెయ్యడం నేర్పావు. వాగు దగ్గర పట్టిన సీసాకు ఒక ముడి, రాళ్ళ గోడకు రెండు, మలుపుకు మూడు, పాత సున్నపు బట్టీకి నాలుగు, మన గొర్రెల దొడ్డికి ఐదు. వానలో, ఎండలో, నడుం పట్టేసినా, మీ అమ్మ పోయేదాకా ఈడ్చాను. నాలుగు ముళ్ళవీ ఐదు ముళ్ళవీ ఎన్ని పంపాను! వాటిని ఏం చేశావు? పారబోశావా? చదువురాని ముసలిది, ఏదో కలిపేసి ఉంటుందిలే అనుకున్నావా?

చలి పోగానే సూదుల వాళ్ళు వస్తారు. మలుపు దగ్గర బండి ఆపి, వెనక్కి తిప్పుకుని పోతారు, కిందటేడు పోయినట్టే. పైన పంతొమ్మిది ఇళ్ళున్నాయి. మేస్త్రీ పెళ్ళాం చంటిపిల్లను ఎత్తుకుని ఆ గడ్డిలోంచే నీళ్ళకు వెళుతుంది. వాళ్ళు వచ్చేలోగా గీత పైకి జరుపు. లేదా నేనే మీ ఆఫీసుకు వచ్చి, మీ పెద్దల ఎదుట కూర్చుని, నువ్వు ఎవరిని చంపావో చెబుతాను.

వేలిముద్ర వేస్తున్నాను. పోల్చుకో.
నీ పెద్దమ్మ

బక్కోడికి,

నీ జవాబు టైలరమ్మ రెండుసార్లు చదివింది. ఎంత మర్యాదగా రాశావురా! "పెద్దమ్మా, సీసాలన్నీ భద్రంగా ఉన్నాయి. మూడు ముళ్ళు దాటినవి ఒక్కటీ రాలేదు. కళ్ళు ఆనక పొరపాటుపడి ఉంటావు. బాధలో ఉన్నావు, విశ్రాంతి తీసుకో." విశ్రాంతట! చూడకుండా సూదిలో దారం ఎక్కిస్తాను నేను. టైలరమ్మ సాక్షి. ముడి వెయ్యడానికి కళ్ళెందుకు?

మీ అమ్మను మట్టి చేసిన రోజు దొడ్డి గోడ మీద కూర్చుని నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "పిడుదులు ఇక్కడిదాకా వచ్చేశాయిరా" అని నేనంటే, "సీసాలు అలా చెప్పడం లేదు పెద్దమ్మా, ఇంత చలికి అవి బతకవు" అన్నావు. ఏ చలిరా? నేను కాపురానికి వచ్చిన కొత్తలో గొర్రెల తొట్టిలో నీళ్ళు అడుగుదాకా గడ్డకట్టేవి. గునపంతో పొడిస్తే గాని పగిలేవి కావు. ఈ మూడు చలికాలాలూ వేలితో తడితే పగిలే పొర తప్ప కట్టలేదు. మలుపు దాటి ఎన్నడూ రాని లేళ్ళు ఇప్పుడు మా బట్టీ దగ్గర మేస్తున్నాయి. అవి ఉత్తినే వస్తాయా? చెవుల నిండా పిడుదుల్ని మోసుకొస్తాయి. చలి తగ్గిపోతే జబ్బు పైకి ఎక్కింది. ఇది తెలుసుకోవడానికి అద్దాల గొట్టంలోంచి చూడక్కర్లేదు, ఒక గొర్రె చెవి మడిచి చూస్తే చాలు.

రాలేదంటావు. నేను పంపానంటాను. ఇద్దరిలో ఒకరు అబద్ధాలకోరు. ఆ సీసాల దారాలన్నీ ముళ్ళు విప్పకుండా నాకు పంపు. కాగితం నేను చదవలేను గాని, నా ముడిని నేను చదవగలను.

నీకిప్పుడు ఏమీ కాని మనిషి

నాయనా,

పార్సెల్ అందింది. దారాలు ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటే వేళ్ళతో తడిమాను. టైలరమ్మ మిషను ఆపి చూస్తూ కూర్చుంది.

నువ్వు రాసింది నిజమే. మూడు దాటిన ముడి ఒక్కటీ లేదు. కానీ ఆ మూడు ముళ్ళ దారాల్లో సగం నావి కావు. దారం నాదే, నా ఉండలోదే. ముడి నాది కాదు. నా ముడి కుడికి మెలిక తిరుగుతుంది. ఇవి ఎడమకు తిరిగాయి. ఈ ఇంట్లో ఎడమచేత్తో ముడి వేసే మనిషి ఒక్కతే. చిన్నప్పుడు దాని జడకు నేను వేసిన ముడిని విప్పుకుని మళ్ళీ తన పద్ధతిలో వేసుకునేది. నీదీ ఎడమచేతి వాటమే కదా, అందుకే నీ చేతికి అవి తేడాగా తగల్లేదు.

పదిహేను రోజులకోసారి సీసాల సంచి బస్సు దాకా మోసింది అదే. నా మోకాలి మీద జాలిపడి మోస్తోందనుకున్నాను. దారిలో కూర్చుని నా దారాలు తెంపి, కొత్తవి కట్టిందిరా మీ అమ్మ. మూడేళ్ళు. నా పక్కనే కూర్చుని తింటూ, నా ముఖం చూస్తూ.

ఎందుకో కూడా తెలుసు. కింది ఊళ్ళో పిడుదుల జ్వరం ఉందని తేల్చిన ఏడు అక్కడి మేతబీడు మూసేసి మందల్ని బండ్లెక్కించి తోలుకుపోయారు. ఆ వేళ నేను ఇంట్లో కేకలు పెట్టాను. "నా గొర్రెల జోలికి వస్తే నన్నూ ఆ బండిలోనే ఎక్కించుకోమను! మంద పోయిన మర్నాడు నేను బతికుంటే అడుగు!" అది అంట్లు తోముతోంది. చేతులు తుడుచుకుని, "అంత పనీ చేస్తావులే నువ్వు" అని మాత్రం అంది. నేను నోరు పారేసుకున్నాను. అది నమ్మింది.

ఎవరి మీద వెయ్యనురా వ్యాజ్యం? పోయినదాని మీదా? నన్ను బతికించాలని నన్నే మోసం చేసి, ఆ మోసంలో తనే పోయింది. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆ భాగ్యం కూడా లేకుండా చేసింది.

నీ తప్పు లేదని మాత్రం రాయించను. దొంగ సీసాను నమ్మావు. గోడ మీద పక్కనే కూర్చున్న నన్ను నమ్మలేదు. ఒక్కసారి లేచి గొర్రె చెవి మడిచి చూసి ఉంటే తెలిసేది. అది నీది, నువ్వే మొయ్యి. అబద్ధాలకోరన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ ఉత్తరంతోపాటు పన్నెండు సీసాలు వస్తాయి. ఇంకా చలి పోనేలేదు, అయినా మిట్టమధ్యాహ్నం గుడ్డ ఈడిస్తే దొడ్డి దగ్గరే దొరికాయి. ఈసారి బస్సు దాకా నేనే మోసుకెళతాను. అన్నిటికీ ఐదేసి ముళ్ళు. కుడి మెలిక. వేళ్ళతో తడిమి చూసుకో.

గీత దొడ్డి దాటించి, కొండ కొమ్ము దాకా జరుపు. బీడు మూసేస్తారు, మందను తోలుకుపోతారు, తెలుసు. తోలుకుపోనీ. మేస్త్రీ పెళ్ళాంతో ఇప్పటికే చెప్పాను, సూదుల బండి మలుపు దగ్గర ఆగదు, పైకి వస్తుంది, బిడ్డను సిద్ధంగా ఉంచుకో అని. నా మాట పోనివ్వకు.

మంద పోయిన మర్నాడు నేను బతికే ఉంటాను. వచ్చి చూసుకో.

దారాలన్నీ తిరిగి పంపుతున్నాను, మీ ఆఫీసు సొత్తు కదా. ఒక్కటి తక్కువుంటుంది. ఎడమ ముడిది. గోటితో విప్పబోయాను. రాలేదు. చాలా గట్టిగా వేసింది.

నీ పెద్దమ్మ
(వేలిముద్ర)